నెమరేసే మేక

...అది కాదు షరీఫా, బాణం అని రాయకు తల్లీ. విల్లు అంటే బాణాలేసే విల్లు కాదు, దూదేకే విల్లు. నువ్వు పుట్టేసరికి మిషను వచ్చింది గాబట్టి నువ్వు చూడలా. మనిషి పొడుగు కొయ్య, దానికి బిగించి కట్టిన నారి. నారిని కర్రతో కొడతంటే దూది విడిపోద్ది. చేత్తో ఎత్తి పట్టుకుని కొట్టాలంటే పొద్దుగూకేసరికి భుజాలు ఊడి చేతికొస్తయి. అందుకని పైన దూలానికి కొక్కెం, కొక్కేనికి వెదురు బద్ద, బద్దకు తాడు, తాడుకు విల్లు. బరువంతా పైనే ఉంటది, చేతికి ఆడించే పనే మిగులుద్ది. ఇది ముందు రాయి. ఇది తెలవకపోతే మిగతాది ఎవరికీ తెలవదు.

నా మాట నీ బడి మాట కాదు. సంగతి చెప్పేకాడ నువ్వు పుస్తకాల్లో రాసినట్టు రాసుకో, నేనేమీ అనుకోను. మనుషులు మాట్లాడింది మాత్రం ఎవరు ఎట్టా అన్నారో అట్టానే ఉంచు. రాశావా? అయితే ఇక్కణ్ణించి.

మా అబ్బాయి జమాల్ దాచేపల్లి ఫ్యాక్టరీ నుంచి సిమెంటు లారీ తోలుతాడు. ఈసారి లోడు వేసుకుని ఒరిస్సా వైపు పోయాడు. పోయిన వారం ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నాడు. "వచ్చే శుక్రవారానికి ఇంటికొస్తన్నా నాయనా. నేనొచ్చేసరికి దూలానికి ఆ కొక్కెం ఉండకూడదు. ఉంటే నేనే పీకుతా."

ఆ కొక్కెం ఒకప్పుడు విల్లుది. ఇప్పుడు దానికి విల్లు లేదు. దాన్నుంచి గుడ్డ పట్టీలు వేలాడతాయి. ఆ పట్టీల్లో జమాల్ కూతురు మైమూనా చెయ్యి పెడుతుంది, ఆ చేత్తో బొమ్మలు వేస్తుంది. కొక్కెం పీకితే బొమ్మలు ఆగిపోతాయి. ఈ సంగతి ఫోన్‌లో చెబుదామంటే, నేను ఒక మాట కూడదీసుకునేలోపు వాడు పది మాటలు అని పెట్టేస్తాడు. వాడిది లారీ నోరు, నాది ఎడ్లబండి నోరు. అందుకే నా కూతురి కూతురు షరీఫాను కూర్చోబెట్టి చెబుతున్నాను. నరసరావుపేటలో డిగ్రీ చదువుతుంది, సెలవులకు వచ్చింది. కాగితం మీద మాటకు ఎవరూ అడ్డం రారు.

మైమూనాకు పదేళ్ళు. పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉంది. బడికి పోయే వయసులో తేడా తెలిసింది. కింద కూర్చుంటే లేవడానికి మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు వేసి తన మీద తానే ఎక్కుతున్నట్టు లేచేది. తర్వాత చేతులకూ వచ్చింది. గ్లాసు ఎత్తి నోటిదాకా తీసుకురాలేక మధ్యలో దించేసేది. గుంటూరులో పెద్ద డాక్టరు చూసి కండరాల్లో బలం తక్కువ అన్నాడు. ఆ జబ్బుకు పేరుంది. షరీఫా రాస్తానంది, నేనే వద్దన్నాను. పేరు రాస్తే చదివేవాళ్ళు పిల్లను వదిలేసి పేరు పట్టుకుంటారు.

ఆ డాక్టరు చివర్లో ఒక మాట అన్నాడు, పిల్లను అలిసిపోయేదాకా ఏ పనీ చేయనివ్వొద్దని. జమాల్ చెవిలో ఆ ఒక్క మాటే పడింది, పడి గడ్డకట్టింది. అప్పటికే పిల్ల ఎప్పుడు చూసినా క్రేయాన్లు పట్టుకుని ఉండేది. అరగంట గీస్తే చెయ్యి పక్కకు వాలిపోయి, అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయేది. అది చూసి వాడు క్రేయాన్ల డబ్బా తీసుకెళ్ళి లారీ క్యాబిన్‌లో పెట్టుకున్నాడు.

"ఎందుకురా, పిల్ల ఆడుకునేది గదా," అన్నాను.

"ట్యాంకులో ఉన్న డీజిలు అంతే నాయనా. మళ్ళా పోసే బంకు ఏ రోడ్డు మీదా లేదు. ఉన్నది బొమ్మలకు తగలేస్తే, రేపు అన్నం తినేదానికి ఏం మిగులుద్ది?"

వాడు చెడ్డతండ్రి కాదు. ఇంట్లో ఉన్న రోజు నువ్వుల నూనె వేడిచేసి ఒక్కో వేలూ విడివిడిగా రాస్తాడు. స్టీరింగు పట్టి కాయలు కాసిన చేతులు, పిల్లకు గుచ్చుకుంటాయని ముందు తనే గుడ్డతో తుడుచుకుంటాడు.

కానీ క్రేయాన్లు పోయాక ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. మైమూనా ఊరికే కూర్చోదు. మంచం నవారు మీద గోటితో గీతలు. గోడ సున్నం మీద గోటితో గీతలు. టీ ఇస్తే సగం తాగి, మిగతాది పళ్ళెంలో ఒలకబోసి అందులో వేలు ముంచి నేల మీద ఏదో వేసేది. ఈగలు ముసిరేవి. మా కోడలు వహీదా గుడ్డ పట్టుకుని వచ్చేది.

"ఏమే, టీ నువ్వు తాగుతావా, నేలకు తాపుతావా?"

"నేలకే. అది మీలాగా వద్దనదు."

వహీదా తుడిచేది. తుడిచేలోపు అది ఇంకో మూల మొదలుపెట్టేది. అటు బయట లారీల హారన్లు, ఇటు లోపల ఈ గీకుడు చప్పుడు. నేను వసారాలోకి పోయి దిండ్లకు దూది కూరుతూ కూర్చుంటే చెవి ఇంట్లోనే ఉండేది. లేచి వచ్చేవాణ్ణి. మళ్ళీ పోయేవాణ్ణి. నా గుమ్మం అరిగింది షరీఫా, నీకు అతిగా అనిపించినా రాయి.

మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఒక సెంటర్ ఉంది. అక్కడి ప్రభావతి మేడం బడికి రాలేని పిల్లల ఇళ్ళకు తిరుగుతూ ఉంటుంది. స్కూటీ మీద వస్తుంది, వచ్చీరాగానే చెప్పులు విడిచి, వాచీ కూడా తీసి గూట్లో పెడుతుంది. ఆ రోజు నేల మీద టీ గీతలు చూసి, వహీదా తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండమ్మా. ఇదెవరు వేశారు?"

"దానికి వేరే పనేముంది మేడం. వాళ్ళ నాన్న వద్దన్నాడు. అయినా చెయ్యి ఊరుకోదు."

మేడం కింద కూర్చుంది. మైమూనా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి కాస్త పైకి లేపి పట్టుకుంది. "ఇప్పుడు వెయ్యి తల్లీ," అంది. పిల్ల వేలు టీలో ముంచి నేల మీద గీసింది. ఆ గీత నేనూ చూశాను. అంతకు ముందు గీత మూరెడు పోయి సోలిపోయేది. ఇది తిరిగింది, ఆగింది, వెనక్కి వచ్చి మొదలైన చోట కలిసింది.

"చూశారా తాతగారూ. దీని వేళ్ళు బాగానే ఉన్నాయి. మోసే బలం లేక అలిసిపోతుంది, గీసి కాదు. మోత మనం తీసుకుంటే గీత అది గీసుకుంటుంది."

అప్పుడు ఏమేం కావాలో ఒక్కోటీ చెప్పింది. క్రేయానును నొక్కాలి కాబట్టి అది వద్దు, నీళ్ళ రంగయితే తాకితే చాలు. కుంచె సన్నగా ఉంటే పట్టుకోవడానికే బలం పోతుంది, పిడి లావు చేయాలి. కాగితం జరగకుండా నాలుగు మూలలా టేపు వేయాలి. బల్ల రొమ్ముకంటే కిందుండాలి. చెయ్యి మోయడానికి పైనుంచి వేలాడే పట్టీ ఉంటే మంచిది.

పైనుంచి అనగానే నా తల పైకి లేచింది. దూలానికి కొక్కెం అక్కడే ఉంది, తుప్పు పట్టి.

"ఉంది మేడం. ఇయ్యాలే కడతా."

"వద్దు తాతగారూ, తొందరపడొద్దు. ఎంత ఎత్తున కట్టాలో, ఎక్కడ పట్టుకోవాలో మాచర్లలో మా ఫిజియో సార్‌ను అడిగి వచ్చేవారం చెబుతాను. అసలు ముందు డాక్టరును కూడా ఒక మాట అడగాలి."

వచ్చేవారం అంటే ఎంతదూరం? ఆమె స్కూటీ సందు చివర తిరిగిందో లేదో నేను అటక మీద నుంచి పాత వెదురు బద్ద దించాను. వహీదా చూసి, "మామా, మేడం ఏం చెప్పింది, మీరేం చేస్తన్నారు?" అంది.

"ఆమెకు చదువు తెలుసు, నాకు తాడు తెలుసు. నువ్వు స్టూలు పట్టుకో."

విల్లును ఎట్లా కట్టేవాణ్ణో అట్లాగే కట్టాను. మైమూనా మణికట్టుకు మెత్తటి గుడ్డ చుట్టి తాడు బిగించాను. ఆ బద్ద విల్లు బరువు మోయడానికి చేసింది. విల్లు బరువెక్కడ, ఆ పిల్ల చెయ్యి బరువెక్కడ. నేను వంచిన బద్ద వదలగానే చెయ్యి జివ్వున పైకి లేచిపోయింది. జవాబు తెలిసిన పిల్ల క్లాసులో చెయ్యెత్తినట్టు. దించుకుందామని అది గింజుకుంటే చెయ్యి ఊగుతుంది తప్ప దిగదు.

ముందు నవ్వింది మైమూనానే. "తాతా, నాకు తెలుసు, నన్నడుగు," అంది బడిలో అన్నట్టు. ఎదురింటి అక్తర్ బేగం తన మేకను వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంది దస్తగిరి మామా, తోలుబొమ్మలాట పెట్టావా? టిక్కెట్టు ఉందా?" అని ఫోన్ తీసింది. ఆమెకు ఏది చూసినా ఫోన్ తియ్యటమే. మేం ముడి విప్పేలోపు వీడియో అయిపోయింది. దాన్ని మా వీధి గ్రూపులో పెట్టింది. పాపం, నవ్వుకోవడానికే పెట్టింది. మేం ముడి విప్పి పిల్ల మణికట్టుకు నూనె రాస్తుండగానే జమాల్ ఫోన్ వచ్చింది.

"ఏంది నాయనా అది? నా బిడ్డేమన్నా కోడా, కట్టేసి వేలాడదీయటానికి? నేను యాడో రోడ్డు మీద ఉన్నా. గ్రూపులో పదిమంది నవ్వుతా బొమ్మలు పెట్టారు. మా క్లీనరు కూడా చూసి నాకు చూపిచ్చాడు."

"అది కాదురా జమాలూ, మేడం..."

"మేడం లేదు, గీడం లేదు. ముట్టుకోమాకండి నా పిల్లను."

పెట్టేశాడు. నేను బద్ద మళ్ళీ అటక మీద పెట్టాను. మేడం వచ్చాక సంగతి విన్నది. కూర్చోకుండానే గూట్లోంచి వాచీ తీసి మళ్ళీ చేతికి పెట్టుకుంది, అంతే. ఆ పెట్టుకోవడం చాలు నాకు.

తర్వాత కొన్నాళ్ళు ఇల్లు నిశ్శబ్దంగా లేదు, మాటలూ లేవు. గీకుడు మాత్రం ఉంది. ఒక రోజు పిల్ల గోరు విరిగి గోడ మీద ఎర్రటి చార కనపడింది. వహీదా ఆ వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది. గుంటూరు చూపించాల్సిన రోజు వచ్చినప్పుడు జమాల్ ఊళ్ళో లేడు. వహీదా, నేను బస్సులో తీసుకెళ్ళాం. డాక్టరు రాసేది రాసి, ఇక వెళ్ళమన్నట్టు తలూపాక కూడా వహీదా లేవలేదు.

"సార్, బొమ్మలు వేస్తే దీనికి నష్టమా?"

"ఎవరన్నారు?"

"మీరే అన్నారంట. అలవగూడదని."

"అలసట వద్దన్నాను. ఆట వద్దన్నానా? చేతికి ఆసరా పెట్టండి, కొద్దిసేపు వేయనివ్వండి, అలిశానని తను చెప్పకముందే ఆపండి. అసలు కదపకుండా ఉంచితే అదీ మంచిది కాదు. చెయ్యి బిగుసుకుపోతుంది."

తిరిగొచ్చే బస్సులోనే వహీదా భర్తకు ఫోన్ చేసింది. సత్తెనపల్లి దాటిందాకా స్పీకర్ పెట్టి మాట్లాడింది, బస్సంతా విన్నది.

"డాక్టరు వంద చెబుతాడు వహీదా. రేపు చెయ్యి పడిపోతే మోసేది ఆయనా, మనమా?"

"బండి నిలబెట్టి పెడితే బ్యాటరీ దిగిపోద్దని మీరేగా అంటారు. నా బిడ్డను షెడ్డులో పెట్టమంటారా?"

దానికి వాడేమన్నాడో బస్సు హారను మోతలో వినపడలేదు. వహీదా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "కట్టండి మామా. ఆయనొస్తే నేను మాట్లాడతా," అంది.

ఈసారి మేడం ఉండగానే కట్టాం. ఫిజియో సార్ ఫోన్‌లో చూస్తూ చెప్పాడు. విల్లు బద్ద పనికిరాదు, సన్నటి బద్ద చెక్కాను, వేలితో వంచితే వంగేట్టు. పట్టీలు రెండు, ఒకటి మోచేతి కింద, ఒకటి మణికట్టు దగ్గర. వెడల్పుగా పరుపు గుడ్డతో కుట్టి లోపల పలచగా దూది పరిచాను. చెయ్యి బల్ల మీద వాలీ వాలకుండా ఉండాలి. తాడు కాస్త కిందికి, కాస్త పైకి, మళ్ళీ కిందికి. మైమూనా ఓపిక పోయి, "ఇంక చాలు, తేలతంది, వదలండి," అంది.

కుంచె పిడికి కూడా నేను దూదే చుట్టాను. నీళ్ళు తగిలేసరికి అది సాంబార్లో పడ్డ ఇడ్లీ అయింది. మేడం నవ్వి, సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడగమంది. పుల్లయ్య సైకిల్ షాపులో పాతది తెచ్చి తొడిగాను, కుదిరింది. ఆపే వేళకు కూడా మేడం ఒక గుర్తు పెట్టింది. రంగు కడిగే గ్లాసులో నీళ్ళు అడుగు కనపడకుండా అయ్యాయంటే ఆ పూటకు చాలు. మైమూనా తెలివిగా కుంచె కడగటం మానేసి ఒకే రంగుతో వేయడం మొదలుపెట్టింది, నీళ్ళు మురికి కాకుండా. మేడం అది కూడా కనిపెట్టింది.

మైమూనా వేసింది అక్తర్ బేగం తెల్లమేకను. ఆ మేకకు మా వసారా పుట్టిల్లు. తల లోపలికి పెట్టి నోటినిండా దూది లాక్కుంటుంది, గడ్డానికి అంటుకున్న దూదితో ముసలి సాయిబులా ఎండలో నిలబడి నెమరేస్తుంది. మైమూనా కిటికీలోంచి దాన్నే చూస్తూ మధ్యాహ్నాలు వేసింది. పూటకు కొంచెం. ఒక పూట చెవులు, ఒక పూట కాళ్ళు. చెయ్యి వాలలేదు. సాయంత్రం అన్నం ముద్ద తనే ఎత్తుకుంది. ఈ మాట మాత్రం గట్టిగా రాయి షరీఫా. బొమ్మ వేసిన రోజు కూడా అన్నం ముద్ద తనే ఎత్తుకుంది.

ఇక ఇక్కడ నేను చేసింది చెప్పాలి.

మేక పూర్తయింది. పిల్ల నిద్రపోయింది. బల్ల మీద కాగితం ఆరుతూ ఉంది. చూశాను. ఒళ్ళు బాగుంది, కాళ్ళు బాగున్నాయి, చెవులు మరీ బాగున్నాయి. మూతి, గడ్డం దగ్గరకు వచ్చేసరికి గీతలు ఒకదాని పక్కన ఒకటి పడి ఒణికాయి. దవడ ఎక్కడుందో తెలియడం లేదు. ఈ ఫోటో జమాల్‌కు పంపుదామని వహీదా, నేను అనుకున్నాం. వాడు ముందు ఈ ఒణుకే చూస్తాడు. చూడండి, చెయ్యి ఒణుకుతుంది, నేను చెప్పలా, అంటాడు. అంతటితో అయిపోతుంది.

నా పని ఏమిటి పుట్టినప్పటి నుంచీ? దూదిలో ఉండ కనపడితే విడదీయటం, పరుపు మీద ఎత్తు కనపడితే సర్దటం. ఉండ కనపడితే నా చెయ్యి ఆగదు. అక్కడ నల్ల స్కెచ్ పెన్ను ఉంది. దవడకు ఒక మంచి గీత వేశాను, గుండ్రంగా. గడ్డానికి ఒకటి. పక్క గీతలను తెల్లరంగుతో కప్పాను. చక్కటి మేక అయింది. ఫోటో తీసి వహీదా చేత పంపించాను.

మైమూనా లేచి చూసింది. తెల్లరంగును గోటితో గీకి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏకేశావు తాతా నా మేకను."

"సర్దానమ్మా. అక్కడ కొంచెం ఒణికింది గదా, అందుకని..."

"ఒణకలా. అది నెమరేస్తంది."

మైమూనా గడ్డంతో కిటికీ వైపు చూపించింది. బయట మేక నిలబడి ఉంది. దాని దవడ ఇటు పోతుంది, అటు పోతుంది, గడ్డం ఊగుతుంది, ఒక చోట ఉండదు.

"అది నవలతా ఉంటే దవడ ఒక్క చోటే ఎట్టా వెయ్యాల? ఇక్కడ ఉన్నప్పుడు ఒకటి ఏశా, ఇక్కడ ఉన్నప్పుడు ఒకటి ఏశా. నాది ఊరికే కూడా ఒణుకుద్ది తాతా, నాకు తెలుసు. ఒణికే కాడ ఒణికే వాటినే పెడతా. నువ్వు దాని నోరు కుట్టేశావు. ఇప్పుడది బతికి లేదు."

మనం మాటవరసకు అంటాం షరీఫా, ఫలానావాణ్ణి ఏకిపారేశారని. ఆ మాట నా పనిలోంచి పుట్టిందే. ఇన్నేళ్ళూ అది నాకు తిట్టులా వినపడలేదు. ఆ రోజు వినపడింది.

ఆ వెనకే జమాల్ ఫోన్ చేశాడు. వహీదా ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. వాడి గొంతులో కోపం లేదు, అదే భయమేసింది.

"ఆ గీత నీదే నాయనా. పరుపుకు కుట్టేసినట్టుంది, నాకు తెలవదా. నేను నీ పరుపుల మీద పెరిగా. పిల్ల చెయ్యి తాడుకు కట్టేసి మీరే బొమ్మలేసి, అది వేసిందని నాకు చెబుతన్నారా? దాన్ని అట్టా నమ్మిస్తన్నారా?"

నేను నోరు తెరిచేలోపు కొక్కెం మాట అనేశాడు. పైన రాశావే, అదే మాట. శుక్రవారం మాట.

మైమూనా పట్టీలో చెయ్యి పెట్టనంది. మేడం వచ్చి అడిగితే, "తాత సర్దుతాడు," అంది. వహీదా అడిగితే మొహం గోడవైపు తిప్పుకుంది. ఈసారి గోడ కూడా గీకలేదు. గీకినన్నాళ్ళూ చప్పుడు పడలేదు నాకు, ఇప్పుడు చప్పుడు లేకపోవడం పడలేదు. వసారాలో కూర్చోలేను, ఇంట్లో నిలబడలేను. పుల్లయ్య షాపు దాకా పోయి, ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగి వచ్చాను.

చివరికి దాని మంచం దగ్గర కూర్చుని, "ఏం చెయ్యమంటావో చెప్పమ్మా," అన్నాను.

ఆలోచించి చెప్పింది. "తాడు కట్టటం నీ పని. కట్టి, అటు తిరిగి కూర్చో. నీ పని నువ్వు చేసుకో. అయిపోయిందని నేను చెప్పిందాకా ఇటు చూడమాక. తర్వాత కూడా చూడమాక."

"మరి ఎవరు చూడాల?"

"నాన్న."

అట్లాగే చేస్తున్నాను. బల్ల ఎత్తు సరిచూసి, పట్టీలు కట్టి, టేపు వేసి, వీపు అటు తిప్పి దిండుకు దూది విడదీస్తూ కూర్చుంటాను. వెనక కుంచె గ్లాసులో తిరిగే చప్పుడు. ఆగుతుంది. మళ్ళీ మొదలవుతుంది. ఒక్కోసారి చాలాసేపు ఆగుతుంది, నా మెడ నరాలు గుంజుతాయి. తిరగను. నా చేతులు దూదిలో ఉండలు వెతుకుతాయి, లేకపోయినా వెతుకుతాయి. ఎదురింటి నుంచి అక్తర్ బేగం, "ఏంది మామా, మనవరాలు నిన్ను గోడకు నిలబెట్టిందా?" అని నవ్వుతుంది. నవ్వనీ. ఆమె ఇప్పుడు ఫోన్ తియ్యటం లేదు. మైమూనా ఆమెను కూడా అటు తిరగమంది.

మళ్ళీ మేకనే వేస్తుందనుకుంటాను. తెల్లరంగు అయిపోయిందని అడిగింది కాబట్టి అనుకోవడమే. అయిన పూట కాగితం తిరగేసి వాళ్ళమ్మ చేత బీరువా కింద పెట్టిస్తుంది. అది ఎట్లా ఉందో నాకు తెలియదు. దవడ ఉందో లేదో తెలియదు. తెలియకుండా ఉండటం నావల్ల కావడం లేదు, అయినా ఉంటున్నాను.

అదుగో, పిలుస్తంది. ఉండు మైమూ, వస్తన్నా, ఈ ముక్క అయిపోనీ.

షరీఫా, ఇక ఇది రాయి. కొక్కెం నేను తియ్యను. వహీదా కూడా తియ్యనంది. మీ మామ శుక్రవారం వస్తాడు గదా, రాగానే పీకబోకుండా, స్నానం చేసి అన్నం తిని మధ్యాహ్నందాకా ఆగమను. మేం కట్టేటప్పుడు ముడులు వాడే చూడొచ్చు, చెయ్యి ఎక్కడన్నా ఒరుసుకుంటందేమో తడిమి చూడొచ్చు. కట్టటం అయినాక మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చోమను. గ్లాసులో నీళ్ళు మురికయ్యిందాకా. సర్దబోతే నేనే ఊరుకోను. నేను అటు తిరిగే ఉంటా, వాడొక్కడే చూడాల. చూసినాక కూడా పీకాలనిపిస్తే స్టూలు మూలనే ఉంది, నేను అడ్డం రాను.

నువ్వు ఇప్పుడే ఫోన్ చెయ్యి. బండి తోలతంటే చదవమాక, యాడన్నా దాబా కాడ ఆపిందాకా ఆగు. మధ్యలో వాడు మాట్లాడబోతాడు, ఆగమను, తాత మాట అయిపోలా అని చెప్పు. మేక దవడ కాడికి వచ్చినప్పుడు కొంచెం నిదానంగా చదువు తల్లీ. మీ మామకు ఇదంతా చదివి వినిపియ్యి.